చిన్నపేగు దగ్గర ఆగిన అన్నం

ఏ పెళ్లి భోజనాల దగ్గరైనా మా పిన్ని నా మొదటి ఉద్యోగం కథ ఎత్తుకుంటుంది. ఆ కథలో నేను కోచింగ్ సెంటర్ డైరెక్టర్ బల్ల మీదికి చాక్‌పీసు విసిరి, "మీ ఉద్యోగం మీరే చేసుకోండి" అనేసి గిరుక్కున తిరిగి వచ్చేస్తాను. వినడానికి బాగుంటుంది కదా అని నేనూ చాలా ఏళ్లు నోరు మూసుకున్నాను (నా నోరు మూతపడిన సందర్భాలు మా ఆయన వేళ్ల మీద చెప్పగలరు). కానీ అది శుద్ధ అబద్ధం. నేను చాక్‌పీసు విసరలేదు, ఉద్యోగం వద్దనీ అనలేదు. అసలు ఆ సమయానికి పిన్ని ఎల్బీనగర్ డాబా మీద వడియాలు పెడుతోంది.

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో తలెత్తితే ఆకాశం కన్నా కోచింగ్ సెంటర్ల బోర్డులే ఎక్కువ కనిపించేవి. ఇప్పుడు మెట్రో స్తంభాలు వచ్చి బోర్డులకీ నీడ పట్టాయి. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగం వెతుక్కోవడానికి బాబాయి వాళ్లింట్లో మకాం పెట్టాను. తెనాలిలో మా నాన్నకి ఎరువుల కొట్టు. "నెలాఖరు దాకా చూస్తాను. దొరికిందా సరే, లేకపోతే వచ్చి కొట్లో కూర్చో" అని ఫోన్లో గడువు పెట్టాడు. అప్పటికి ఎనిమిది రోజులు మిగిలాయి, రెండు ఇంటర్వ్యూలు తగలడ్డాయి. ఒక స్కూల్లో "మీ బలహీనత ఏమిటి?" అని అడిగితే, "చెత్త ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పలేకపోవడం" అన్నాను. నిజం చెప్పినవాళ్లకి ఉద్యోగాలు రావని నాకప్పటికి తెలియదు. యూరియా బస్తాల మధ్య ముసలిదాన్నయిపోతున్నట్టు పగలే కలలు వచ్చేవి.

మూడోది మెడికల్ ఎంట్రన్సు కోచింగ్ సెంటర్. అక్కడ ఇంటర్వ్యూ అంటే డెమో. నిజం పిల్లల ముందు నిజం పాఠం చెప్పాలి, డైరెక్టర్ వెనక బెంచీలో కూర్చుని చూస్తాడు. నేను గుండె పాఠానికి తయారయ్యాను. థర్మోకోల్‌తో గుండె చేసి, ఎరుపూ నీలం రంగులు వేసి, కిక్కిరిసిన బస్సులో బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్లాను ("ఏందమ్మా గది, కేకా?" అన్నాడు కండక్టర్). మూడంతస్తులెక్కి, ఆయాసం అణచుకుని, "ఈరోజు మనం గుండె గురించి..." అన్నానో లేదో ముందు వరసలో అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, గుండె ఇంకా రాలే. నిన్నటి మేడం అన్నాన్ని చిన్నపేగు దాకా తెచ్చింది. మీరు ఆడికెళ్లి చెప్పాలె."

"నిన్నటి మేడం ఎవరమ్మా?"

"ఏమో మేడం. మొన్న ఒక సార్ పొట్ట చెప్పిండు. మాకు రోజుకొకరొస్తరు."

వెనక బెంచీ వంక చూశాను. డైరెక్టర్ పెన్ను మూత కొరుకుతూ కిటికీలోంచి అతి శ్రద్ధగా రోడ్డు చూస్తున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. అక్కడ జువాలజీకి జీతం తీసుకునే మనిషే లేడు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ల చేతనే సిలబస్ లాగించేస్తున్నారు! పాపం ఆ అన్నం నిన్నటి నుంచి చిన్నపేగులో నా కోసం ఎదురుచూస్తోంది. ఏం చేస్తాను? గుండెని బల్ల మీద పక్కన పెట్టి, ఏ తయారీ లేకుండా, పైత్యరసం పోసి, సారమంతా పీల్పించి, నలభై నిమిషాల్లో పెద్దపేగు గుమ్మం దాకా సాగనంపాను. బాగానే చెప్పాను, అబద్ధమెందుకు. "బాగుంది మేడం, కబురు చేస్తం" అన్నాడాయన.

బయట బెంచీ మీద, తర్వాతి రోజుల డెమోలకి టైము రాయించుకోవడానికి ముగ్గురున్నారు. ఒక రిటైరైన మేష్టారు, కత్తిలాంటి ఇస్త్రీ చొక్కా ఒకాయన, ఒళ్లో టిఫిన్ డబ్బాతో నల్గొండ వైపు అమ్మాయి. మీర్‌పేట్‌లో అక్క ఇంట్లో ఉంటోందట. విషయం చెప్పగానే ఆ అమ్మాయి కళ్లింత చేసుకుంది.

"గిట్ల గూడ చేస్తరా అక్కా? నేను రెండు దినాల సంది కిడ్నీలు బట్టీ కొడుతున్న!"

"నీ కిడ్నీల దాకా రావడానికి ఇంకా పదిమంది బలి కావాలమ్మా."

"మరి ఏం జేద్దాం?"

"అందరం నోటి దగ్గర్నుంచే మొదలుపెడదాం. పళ్లు, నాలుక, లాలాజలం. ఎవరొచ్చినా అన్నం గొంతు దిగకూడదు."

"ధర్మమే" అన్నారు మేష్టారు. ఇస్త్రీ చొక్కా అటూ ఇటూ చూసి తలూపాడు.

మర్నాడు మేష్టారు పళ్లు చెప్పారు. ఆ మర్నాడు ఆ అమ్మాయి టెలిఫోన్ బూత్ నుంచి, నేనిచ్చిన మా బాబాయింటి నంబరుకి ఫోన్ చేసి, "అక్కా, నేను గూడ పండ్ల కాడనే ఆపిన. పిల్లలు ఒకటే నవ్వుడు" అంది. ఆ మాటకి నేను పొంగిపోయి పిన్ని చేత పకోడీలు వేయించుకుని తిన్నాను. మూడో రోజు ఇస్త్రీ చొక్కా వంతు. నాలుగో రోజు పొద్దున్నే నాకు పిలుపొచ్చింది.

"గిదంతా నీ పనేనంట గదమ్మా?" అన్నాడు డైరెక్టర్. (ఇస్త్రీ చొక్కా పళ్లు కూడా ముట్టుకోకుండా తిన్నగా ఈయన గదికే వెళ్లాడని అప్పుడు తెలిసింది.) "పరీక్షలు నెత్తి మీదున్నయి. పోరగాండ్లు దినాం నముల్తనే ఉన్నరు. తల్లిదండ్రులొచ్చి నన్ను నముల్తున్నరు!"

"జీతమిచ్చి ఒకర్ని పెట్టుకోండి సార్, చక్కగా మింగుతారు."

ఆయన కోప్పడకుండా నవ్వాడు. అదే నా కొంప ముంచింది. "నీ నోరు జబర్దస్త్ ఉన్నది. పాఠాలు నీకెందుకు? ముంగట రూమ్‌ల కూర్చో. డెమోలకు మనుషులను పిలిచి, టైములు రాసి, మాట్లాడేది నీ పని. జీతమిస్త."

అక్కడ నేను ఛీ కొట్టి ఉంటే పిన్ని కథ నిజమయ్యేది. నెలాఖరుకి నాలుగు రోజులే ఉన్నాయి. అప్పుడే ఎరువుల వాసన ముక్కుకి తగిలింది. "సరే సార్" అన్నాను. నా జీవితంలో నేను చేసిన అతి చిన్న వాదన అది.

సోమవారం ముందు గదిలో, ఫోను పక్కన, డెమోల రిజిస్టర్ ముందు కూర్చున్నాను. పదకొండింటికి ఆ అమ్మాయి వచ్చింది, తన సంగతేమైందో కనుక్కుందామని. నన్ను చూసింది, రిజిస్టర్ చూసింది. నేను కుర్చీలోంచి సగం లేచి, "అది కాదమ్మా, మా నాన్న... నీ గురించి సార్‌తో నేనే మాట్లాడి..." అని ఏదో నమిలాను.

"మంచిగైంది అక్కా" అంది. చిన్నగా నవ్వింది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను బ్యాంకు మేనేజర్లతో, అపార్ట్‌మెంట్ సెక్రటరీలతో, అత్తగారి తరఫు బలగం మొత్తంతో వాదించి గెలిచాను. ఆ నవ్వుకి అర్థం చెప్పడానికి మాత్రం నా ఎమ్మెస్సీ ఇప్పటికీ పనికిరాలేదు. డెమోలకి నేను చేసిన ఫోన్లన్నీ మర్చిపోయాను గానీ, కుర్చీలో సగం లేచి నిలబడ్డ అప్పటి నన్ను తలుచుకుంటే జాలీ వస్తుంది, నవ్వూ వస్తుంది. ఈపాటికి ఆ అమ్మాయికీ నాలాగే జుట్టు నెరిసి ఉంటుంది. ఎక్కడైనా ఇది చదువుతుంటే ఒక్క మాట చెప్పమ్మా: ఆ రోజు మనసారా అన్నావా, మొహం మీద కొట్టినట్టు అన్నావా?