నానమ్మ విన్న ఓడ కూత

మా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా ఇంట్లో ఓడ కూసింది...

ఈ దీవుల్లో జంగ్లీఘాట్ అనే పేటలో రేకుల ఇల్లు మాది. బయట వాన... లోపల మా శామ్ బాబాయి, ఆయన సింథసైజర్. పక్కనే ముక్కాలిపీట మీద నానమ్మ. బాబాయి బొత్తాలు తిప్పి, మీట నొక్కి, "ఇదా అమ్మా?" అనేవాడు.

"కాదురా. దూడ అరిసినట్టుంది."

మళ్లీ తిప్పేవాడు.

"ఏటిరా ఆ ఈల! ఓడ గొంతు బొంగురు. జలుబు సేసిన మనిషి పిలిసినట్టుండాల."

పెళ్లయిన కొత్తలో విశాఖ రేవులో ఎక్కి నానమ్మ ఈ దీవులకి వచ్చిన ఓడ అది. ఒడ్డు కనబడగానే అది కూసిందట. ఇక వెనక్కి వెళ్లడం లేదని అప్పుడు తెలిసి ఏడ్చిందట. ఆ ఓడ ఎప్పుడో తుక్కుకి పోయింది... కూత మాత్రం ఆవిడ చెవిలో ఉండిపోయింది. క్రిస్మస్ ప్రోగ్రాంలో ఆ కూతతోనే తన పాట మొదలుపెట్టాలని, చర్చి జనమంతా ఉండగా అమ్మకి అది వినిపించాలని బాబాయి పంతం.

బాబాయి ఓడలు ఆగే హాడో వార్ఫులో కరెంటు పని చేసేవాడు. ఈ దీవుల్లో సింథసైజర్ వాయించిన మొదటి మనిషి ఆయనేనని మా పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. హార్మోనియం, డోలక్ తప్ప ఎరగని చోటికి, నేను పుట్టకముందే మద్రాసు నుంచి ఓడలో ఆ నల్లపెట్టెని ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఇప్పటి కీబోర్డుల్లా అది దేన్నీ గుర్తుపెట్టుకోదు. ప్రతి శబ్దాన్నీ ముందున్న గుండ్రటి బొత్తాలు తిప్పి తయారుచేసుకోవాలి. ఒక్క బొత్తాం జరిగినా ఆ శబ్దం పోయినట్టే.

చివరికి ఒకరోజు ఒక కూత వినగానే నానమ్మ పీట మీంచి లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది... బాబాయి గబగబా ప్రతి బొత్తాం పక్కనా సుద్దముక్కతో తెల్లగీత గీసుకున్నాడు.

దీవుల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు... వానలు పట్టాయంటే ఇంట్లో అన్నిటికీ తెల్లబూజే. చెప్పులకి, బెల్టుకి, బైబిలు అట్టకి కూడా. పండగ ముందు కొబ్బరినూనె గుడ్డతో అన్నీ తుడిచిపెట్టడం నానమ్మ పని.

ప్రోగ్రాం రోజు బాబాయి డ్యూటీకి వెళ్లాడు. నల్లపెట్టె మీద తెల్లగా కనబడేసరికి నానమ్మ బూజే అనుకుంది. కొడుకు నలుగురిలో వాయించే పెట్టె మరి! బొత్తాల్ని అటూ ఇటూ తిప్పి సందుసందూ తుడిచి, దుప్పటి కప్పి, ఆటోలో చర్చికి పంపించింది.

సాయంత్రం బాబాయి డ్యూటీ దిగి నేరుగా స్టేజీ ఎక్కాడు. దుప్పటి తీసి... అలాగే నిలబడిపోయాడు. ముందు వరసలో నానమ్మ, పక్కన నేను.

"మెరిసిపోతంది కదరా!" అంది నానమ్మ గర్వంగా.

బాబాయి పెట్టెకేసి చూశాడు. అమ్మకేసి చూశాడు. "అవునమ్మా... బాగా మెరుస్తంది" అన్నాడు.

తర్వాత బొత్తాలు తిప్పడం మొదలుపెట్టాడు. దూడ అరిచింది. ఈల వచ్చింది. ఏదో గరగర...

"అరే శామ్ భయ్యా! జహాజ్ ఆజ్ భీ లేట్ హై క్యా?" అని వెనక నుంచి కుర్రాళ్లు అందుకున్నారు. వానాకాలమంతా మా ఇంటి కూతలు విన్నవాళ్లే, ఇవాళ కూడా ఓడ లేటేనా అని వెక్కిరింత. ఓడ ఏనాడూ వేళకి రాని ఊరు మాది. పాస్టరుగారితో సహా అందరూ నవ్వారు. బాబాయి మెడ మీద చెమట లైట్ల వెలుగులో నాకు కనబడుతూనే ఉంది.

అప్పుడు లేచింది నానమ్మ. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, "బో..." అని కూసింది!

నవ్వులు ఇంకా పెరిగాయి. ఆవిడ ఆపలేదు. ఊపిరి తీసుకుని మళ్లీ కూసింది. బాబాయి తల వంచుకుని ఆ గొంతు వెంబడే బొత్తాలు తిప్పుతున్నాడు... కాస్త పైకి... కాస్త కిందికి... ఎప్పుడు ఆగాయో గానీ నవ్వులు ఆగిపోయాయి. రెండు కూతలూ ఒకదాని దగ్గరకొకటి వచ్చాయి.

"అదే! అదేరా అయ్యా!" అని అరిచింది నానమ్మ. చప్పట్లు మోగాయి. బాబాయి కళ్లు తుడుచుకుని పాట అందుకున్నాడు.

నానమ్మ కూర్చుంటూ నా చెవిలో మాత్రం, "అది కాదే... ఆడు అలిసిపోనాడు. సెప్పకు" అంది.

మరో వానాకాలం చూడకుండానే నానమ్మ వెళ్లిపోయింది. సుద్దగీతల సంగతి ఆవిడకి చివరిదాకా తెలియదు. బాబాయి మాకు కూడా ఆవిడ పోయాకే చెప్పాడు. అప్పుడే నేనూ నానమ్మ చెవిలో అన్న మాట ఆయనకి చెప్పాను.

"నాకు తెలుసే" అన్నాడు. "ఏటి తక్కువైందో సెప్పిందా?" అని అడిగాడు.

చెప్పలేదు... నేను అడగలేదు.

తర్వాత ఆయన ఎన్నిసార్లో ఆ పెట్టె ముందు కూర్చున్నాడు. రకరకాల కూతలు వచ్చేవి. "కాదురా" అనే మనిషే లేదు. ఉప్పుగాలికి ఒక్కో మీటా మూగబోయింది. ఇప్పుడా పెట్టె అటక మీద ఉంది... ఈసారి నిజంగానే బూజు పట్టింది.

మా ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు. రాసే తెలుగు నేను కాలేజీకి వచ్చాక ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. కొత్త మాట కనబడితే చాలు, ఆ కూత పక్కన పెట్టి చూస్తాను. బొంగురు... జీర... ఏదీ అతకలేదు. ఫోన్లో ఇప్పుడు బోలెడు ఓడలు కూస్తాయి, ఎంత తుడిచినా ఆ శబ్దాలు చెరగవు. వాటిలో మా నానమ్మ ఓడ లేదు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లకి మాత్రమే గుర్తున్న శబ్దం ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి. అంతకంటే ముందు వాళ్ల దగ్గర కూర్చుని, ఒక్కసారి వాళ్ల నోటితో పలకమనండి. మీరూ పలకండి. "అదే" అన్నారని లేచి వచ్చేయకండి... ఇంకా ఏం తక్కువైందో అడగండి.