రెండిళ్ళ కాఫీ తాగిన మాస్టారు

మాస్టారు పోయిన కబురు ఫోన్‌లో, మా తెలుగు సంఘం గ్రూపులో వచ్చింది. కింద అప్పటికే జోడించిన చేతుల బొమ్మలు వరసగా దిగుతున్నాయి. నేను కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక హోటల్లో అరిటాకు ముందు కూర్చుని ఉన్నాను. రసం పోయించుకున్నాను, మజ్జిగ తాగాను, ఆకు మడిచి లేచాను. చావు భోజనమైతే ఆకును అవతలికి మడుస్తారు. నేను ఇవతలికే మడిచాను.

సంచికకు నాలుగు మంచి మాటలు రాసిమ్మని కార్యదర్శి అడిగాడు. ఆయన శిష్యుల్లో మిగిలిన పెద్దవాణ్ణి నేనేనట. మంచి మాటలు నా దగ్గర ఉన్నాయి, అవే ముందు రాస్తాను. తరవాతవి అచ్చు వేసుకుంటారో లేదో వాళ్ళ ఇష్టం. ఈ వయసులో నేను ఎవరి మొహమాటానికీ రాయను.

బటాంగ్ బెర్జుంటైలో రబ్బరు తోటలుండే రోజుల్లో మా నాన్న తోట ఆఫీసులో గుమాస్తా. మాస్టారు అప్పటికి కుర్రవాడే, తోట బడికి చరిత్ర చెప్పడానికి వచ్చాడు. పాఠ్యపుస్తకంలో ఉన్నది తగరం, రబ్బరు, సుల్తానులు. దాన్ని ఆయన చకచకా ముగించేవాడు. పీరియడు చివర పుస్తకం మూసి, జేబులోంచి రబ్బరు గింజలు తీసి బల్ల మీద పోసేవాడు. అక్కణ్ణుంచి అరబ్బు ఎడారి మొదలయ్యేది.

పెద్ద గింజ మక్కాను ఏలే షరీఫు. దానికి ఎడంగా ఇంకొకటి నెజ్ద్ అమీరు. పైన, తుర్కుల వైపు మొగ్గిన హాయిల్ అమీరు. చుట్టూ చిన్న గింజలు తెగలు. మొదటి ప్రపంచ యుద్ధంలో కైరోలో ఒక గదిలో కూర్చున్న ఇంగ్లీషు అధికారులు ఈ గింజల మీద రోజూ నివేదికలు రాసేవారట. ఎవరికి ఎవరంటే అసూయ, ఎవరి కూతుర్ని ఎవరు చేసుకున్నారు, ఎవరి బావి దగ్గర ఎవరి ఒంటెలు నీళ్ళు తాగుతున్నాయి, నిన్న తుర్కుల దగ్గర ధాన్యం తీసుకున్న షేకు ఇవాళ ఎవరి గుడారంలో పడుకున్నాడు. ఇటు హిందూదేశం నుంచి వచ్చిన అధికారులు నెజ్ద్ అమీరు భుజం తట్టేవారు, అటు కైరో వాళ్ళు షరీఫు భుజం తట్టేవారు. ఒకే సామ్రాజ్యం, ఇద్దరు శత్రువులు, ఇద్దరికీ అదే చేత్తో తుపాకులు. ఇది చెప్పేటప్పుడు మాస్టారి కళ్ళు మెరిసేవి. "యుద్ధం ఫిరంగులు సేసినాయి అనుకుంటారు. కాదురా. చాడీలు సేసినాయి" అనేవాడు.

ఒకరోజు నేను లేచి అడిగాను. ఆ అమీరూ ఆ షరీఫూ నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు కదా అని.

మాస్టారు గింజలు గుప్పిట్లోకి తీసుకుని నవ్వాడు. "ఆళ్ళిద్దరూ మాటాడేసుకుంటే మజ్జినున్నోడికి కాఫీ ఎవుడు పోస్తాడురా?"

క్లాసంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

ఆయనకు నేను రుణపడ్డదీ అక్కడే. సైకిలు వెనక ఎక్కించుకుని ఊళ్ళో గ్రంథాలయానికి తీసుకెళ్ళి, తన పేరు మీద పుస్తకాలు ఇప్పించాడు. చదివింది నమ్మే ముందు, రాసినవాడు ఎవరి జీతం తింటున్నాడో చూడమన్నాడు. ఆ ఒక్క ముక్కతో నేను జీవితమంతా చదివాను. ఆయన లేకపోతే నాన్న కుర్చీలో కూర్చుని రబ్బరు పాల డబ్బాలు లెక్క రాసుకుంటూ ముసలివాణ్ణయేవాణ్ణి. మంచి మాటలు ఇక్కడితో సరి.

తోటలు అమ్ముడుపోయాక అందరం కౌలాలంపూర్ చేరాం. మాస్టారు సంఘానికి పెద్దమనిషి అయ్యాడు. మన పద్ధతి కొత్తగా హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అప్పట్లో అధ్యక్షుడికి ఓట్లు లేవు. ఉగాదికి ముందు పెద్దమనిషి ఇల్లిల్లూ తిరిగి కాఫీ తాగుతాడు. ఉగాదినాడు లేచి ఒక పేరు చెబుతాడు, అందరూ చప్పట్లు కొడతారు. పదవి కావాలని ఎవరూ నోరు తెరిచి అడగకూడదు. పెద్దమనిషి తమ ఇంట్లో ఏమన్నాడో ఎవరూ బయట చెప్పకూడదు. అడిగినవాడూ చెప్పినవాడూ లేకి మనుషుల కింద లెక్క.

మాస్టారు ఆ పని కోసమే పుట్టాడు. చంకలో గొడుగు, ఎండలోనూ అదే గొడుగు. ఎవరింటికి వెళ్ళినా హాల్లో కూర్చోడు. వంటింట్లో పీట వేయించుకుని, కాఫీ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ ఆడవాళ్ళ మాటలు వినేవాడు. తన అభిప్రాయం చెప్పగా ఎవరూ వినలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పుల వంక ఒకసారి చూసేవాడు. ఆ ఇంట్లో ఇంకా ఎవరున్నారో ఆయనకు అలాగే తెలిసేది.

సంఘానికి సొంతంగా మేడ మీద ఒక అంతస్తు దొరికిన ఏడాది, అందులో పెద్ద గది తెలుగు క్లాసుకూ పుస్తకాలకూ ఉంచాలని నేను. భజనకు ఉంచాలని మా చెల్లెలి భర్త. బావా, బావా అనుకుంటూనే ఇద్దరం అధ్యక్ష పదవి మీద కన్నేశాం. మాస్టారు మా వంటింట్లో సాసరు దించి, "ఈసారి నువ్వే. ఎవులికీ సెప్పకు" అన్నాడు. పద్ధతి ప్రకారం నేను ఎవరికీ చెప్పలేదు. ఉగాదినాడు ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్ళాను. బావ కూడా ఇస్త్రీ పంచెలోనే ఉన్నాడు. మాస్టారు లేచి, అప్పటిదాకా కుర్చీలు సర్దడం తప్ప మరేమీ ఎరగని బట్టలకొట్టు ఆయన పేరు చెప్పాడు.

ఆ సాయంత్రమే మాస్టారు మా ఇంటికొచ్చి బాధపడ్డాడు. తనేం చేయగలడట, మా బావ అడ్డుపడ్డాడట. నేను నమ్మాను. రాసినవాడు ఎవరి జీతం తింటున్నాడో చూసే నేను, చెప్పినవాడు ఎవరి కాఫీ తాగి వస్తున్నాడో చూడలేదు. బావతో మాట తెగింది. బావ ఇక్కడి తన దుకాణం ఎత్తేసి, చెల్లెల్ని తీసుకుని సొంతూరు హుటాన్ మెలింటాంగ్ వెళ్ళిపోయాడు. కుర్చీలు సర్దిన ఆయన తెలుగు గదిలో క్యారమ్ బోర్డులు పెట్టించి, తరవాత తాళం వేశాడు. ఇవాళ మా మనవడు నాతో "తాతా, తెలుగు కెనాట్ లా" అంటాడు, రాదని. ఎడారిలోనూ అంతే జరిగింది. కైరో గది ఎవరి మీద ఆశ పెట్టుకుందో ఆ షరీఫు మక్కా పోగొట్టుకున్నాడు. ఆ గది తక్కువ అంచనా వేసిన నెజ్ద్ అమీరు హాయిల్ మింగి, తరవాత మక్కాకే వచ్చి కూర్చున్నాడు. ఆ నివేదికలు రాసినవాళ్ళకు మాత్రం పతకాలు వచ్చాయి.

మాట తెగిన ఇళ్ళ మధ్య కబురు పెద్దమనిషే మోయాలి. నేరుగా ఫోను చేసినవాడు దిగివచ్చినట్టు. అందుకని మాస్టారు నెలకోసారి బస్సెక్కి హుటాన్ మెలింటాంగ్ వెళ్ళేవాడు. తిరిగొచ్చి నాకు ఎండు నెత్తళ్ళ పొట్లం ఇచ్చేవాడు. "రేవు దగ్గర సవగ్గా దొరికినాయిరా. నీకని కొన్నాను." చెల్లెలు ఎలా ఉందని అడిగితే బాగానే ఉంది అనేవాడు. ఒకసారి ఒంట్లో బాగాలేదన్నాడు. బయల్దేరబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. రావద్దంది, వస్తే మొగుడితో గొడవవుతుందని భయపడుతోంది అన్నాడు. ఆమె పోయిందన్న మాట దహనం అయిపోయాక చెప్పాడు. నేను తట్టుకోలేనని ఆగాడట. కాఫీ మాత్రం తాగే వెళ్ళాడు.

మొన్న మాస్టారి దహనం రోజు దహనశాల బయట ప్లాస్టిక్ కుర్చీల్లో నా పక్కదొక్కటే ఖాళీగా ఉంది. బావ వచ్చి అందులో కూర్చున్నాడు. సగం మనిషి అయ్యాడు. ఎదురుగా చూస్తూనే అడిగాడు.

"నెత్తళ్ళు అందేవా, బావా?"

"ఏ నెత్తళ్ళు?"

"మీ సెల్లి కట్టి పంపేది. మాస్టారు సేత. నాకు తెలీదనుకునేది. నాకు తెలుసు."

మాస్టారు కొన్నానని చెప్పేవాడన్నాను. బావ తన చేతులు చూసుకున్నాడు. ఆ ఉగాదికి ముందు మాస్టారు వచ్చి నాతో ఏమన్నాడని అడిగాడు. చెప్పాను. తన వంటింట్లోనూ అవే మాటలట, సాసరు దించి మరీ. తరవాత నేనే అడ్డుపడ్డానని చెప్పాడట.

"ఆస్పత్రిలో నిన్నే అడిగింది, బావా. మాటిమాటికీ. నువ్వు రాననేసినావని మాస్టారు వొచ్చి సెప్పినాడు. అప్పట్నుంచీ అడగడం మానేసినాది."

లోపల బట్టలకొట్టు ఆయన మైకు పట్టుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగి మనందరినీ ఒక్కటి చేసిన మహనీయుడు అంటున్నాడు. బావ నవ్వాడు. నేనూ నవ్వాను. ముందు వరసలో వాళ్ళు తిరిగి చూశారు. కొత్తగా వచ్చిన ఐటీ కుర్రవాడొకడు ఆ మాటలను ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాడు. ఉంచుకోనివ్వండి. నివేదికలు అలాగే తయారవుతాయి.

మాస్టారికి మా మీద పగ లేదు. పగ ఉంటే క్షమించే వీలుండేది. రెండు వంటిళ్ళలో తన పీట ఉండాలి, అంతే. దానికి నా చెల్లెలు ఖర్చయింది.

ఇంటికొచ్చి ఫ్రీజరు తెరిచాను. చెల్లెలు పోకముందు వచ్చిన ఆఖరి నెత్తళ్ళ పొట్లం, ఉప్పు తినొద్దని డాక్టరు అన్నప్పటి నుంచి అలాగే పడి ఉంది. తమిళ పేపరులో చుట్టి, పైన ఎర్ర ప్లాస్టిక్ తాడు. ఏళ్ళ తరబడి ఆ తాళ్ళను కత్తెరతో కోసి పారేశాను. ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. కొసను కిందినుంచి తిప్పి లోపలికి దోపిన ముడి, ఒక్క లాగుకు ఊడి వచ్చేది. తోటలో ఉన్నప్పుడు బడికి మా అన్నం మూటలకు అమ్మ వేసేది. అమ్మ ఆ ముడి నేర్పింది నాకూ చెల్లెలికీ, మా ఇద్దరికే.

పొట్లం భోజనాల బల్ల మీద పెట్టాను. దాని మీది మంచు కరిగి పేపరు తడిసింది. తాడు కొస నా వైపే ఉంది. ఇంకా లాగలేదు.