ఫోటోలో మిగిలిన చెయ్యి

పన్నెండేళ్లుగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అబద్ధం అని కూడా అనలేను, నోటితో చెప్పింది నిజమే. ఆ నిజం చెప్పి తర్వాత నోరు మూసుకున్నాను. దాంతో ఇద్దరు అన్నదమ్ములు విడిపోయారు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పేంత ధైర్యం ఉంటే ఇదంతా జరిగేదే కాదు.

తొంభైల్లో హోసూరులో ఒక ఫోటో స్టూడియోలో టచింగ్ పని చేసేవాణ్ణి. ఇప్పుడు ఆ పని లేదు కాబట్టి చెప్పాలి. నెగటివ్‌ను వెలుతురుకు పెట్టుకుని మొహం మీది మచ్చలను సన్న పెన్సిలుతో పూడ్చాలి. అక్కర్లేనిదాన్ని చిన్న కత్తితో గీకాలి. పెన్సిలు పెట్టిన చోటు ఫోటోలో తెల్లగా వస్తుంది, కత్తి పెట్టిన చోటు నల్లగా వస్తుంది. పెన్సిలు తుడిచేయొచ్చు, కత్తి గీత పోదు. పెళ్లిచూపులకు పంపే ఫోటోల్లో ఎంతమంది ఆడపిల్లలను తెల్లగా చేశానో. నా చెయ్యి మంచిదని బర్గూరు నుంచి కూడా వచ్చేవాళ్లు.

మాదేశు అక్కడే పరిచయమయ్యాడు. తళి దాటాక అడవి అంచున ఉండే ఇరుళ తెగవాడు. బెంగుళూరులో బొమ్మల చదువు చదివాడు. ఒకరోజు ఏదో పాత పుస్తకంలోంచి జిరాక్స్ తీసిన ఫోటో పట్టుకొచ్చాడు. ఎవరో తెల్లదొర తీసింది. గళ్ల తెర ముందు వాళ్ల తెగ మనుషులను నిలబెట్టి, పక్కన కొలకర్ర పెట్టి తీశాడు. కింద ఒక్కొక్కరి ఎత్తు, తల చుట్టుకొలత రాసి ఉన్నాయి. పేర్లు లేవు.

"సంతలో ఎద్దుకైనా పేరుంటుంది కదప్పా" అన్నాడు మాదేశు.

అతను అలాంటి గళ్ల తెరే కుట్టించాడు. తన ఊరివాళ్లను ఒక్కొక్కరినే దాని ముందు నిలబెట్టి, కొలకర్ర బదులు చేతికి పలక ఇచ్చాడు. పలక మీద పేరు. స్టూడియోలో మూలపడిన పెద్ద పెట్టె కెమెరాను ఓనరును బతిమాలి నేనే తీసుకెళ్లేవాణ్ణి. ఆదివారం బస్సులో దాన్ని పిల్లను కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. మొదట నిలబడింది మాదేశు అన్న కెంపన్న. తండ్రి పోయాక కూలికి పోయి తమ్ముణ్ణి చదివించిన మనిషి. తనకు చదువు రాదు. పలకను తలకిందులుగా పట్టుకుంటే అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వి తిప్పి పట్టుకున్నాడు.

చివరి ఫోటో మాదేశుది. చీర కట్టి, గాజులు వేసుకుని వచ్చాడు. కెంపన్న ఒకసారి చూసి, ఏమీ అనకుండా గడ్డపార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మాదేశు మొహం చిన్నబోయింది. అయినా తెర ముందు నిలబడ్డాడు.

"మావాళ్లను అడివిలోకి రావద్దన్న చట్టం తెల్లోడిదే. మన మాదిరివాళ్లను జైల్లో పెట్టే చట్టమూ వాడిదే. రెండూ ఒకే తెర ముందర కనపడాల. నువ్వూ రా" అన్నాడు.

మన మాదిరివాళ్లు. ఆ మాటలో నేనూ ఉన్నాను. అప్పటికి రెండేళ్లుగా అతనితో ఉన్నాను, ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. వెళ్లి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డాను? అతనంటే ప్రాణం, అందుకు. నా వేళ్లలో వేళ్లు పెట్టి పట్టుకున్నాడు. నా రెండో చేతిలో పలక. దాని మీద నా పేరు నేనే రాసుకున్నాను, ఊరి పేరుతో సహా. కెమెరాకు గొట్టంతో తగిలించిన రబ్బరు ఉండను కాలికింద పెట్టుకుని నేనే నొక్కి ఫోటో తీశాను.

నెల తిరక్కుండా వేప్పనపల్లిలో మా ఇంట్లో నాకు సంబంధం కుదిర్చారు. మేనమామ కూతురే. అప్పుడే మాదేశు ఫోటోలకు బెంగుళూరులో ప్రదర్శన ఖాయమైంది. పేపరువాళ్లు వస్తారన్నాడు, సంబరపడిపోతూ. మా మామ మామిడికాయల లోడుతో వారానికి రెండుసార్లు బెంగుళూరు పోయే మనిషి. గోడ మీదో పేపరులోనో ఆ ఫోటో ఆయన కంట పడితే? ఆ ఒక్క ఫోటో పెట్టొద్దని మాదేశును అడగొచ్చు కదా? అడగొచ్చు. ఒప్పుకునేవాడు కూడా. కానీ అడిగితే నేను పిరికివాణ్ణని తెలిసిపోతుంది. అతని కళ్లలో ధైర్యవంతుడిగా ఉండాలి, ఊళ్లో పెళ్లికొడుకుగా ఉండాలి, రెండూ కావాలనుకున్నాను.

ఆ రోజుల్లోనే కెంపన్న స్టూడియోకు వచ్చాడు. "పేరుండే నా ఫోటో ఒకటి ఇస్తావాప్పా, గోడకు తగిలించుకుంటా" అన్నాడు. మాదేశు నెగటివ్‌ల డబ్బా తెరిచి ఆయనది చూపించాను. అందులో జుట్టు తెల్లగా, పళ్లు నల్లగా కనిపిస్తే పడీపడీ నవ్వాడు. ఫోటో రేపు ఇస్తానని చెప్పి పంపాను.

మర్నాడు మధ్యాహ్నం ఓనరు భోజనానికి వెళ్లగానే డబ్బాలోంచి ఆ చివరి నెగటివ్ తీసి గీకాను. నా మొహం, భుజాలు, పలక, పలక మీది పేరు. నా పని ఎప్పుడూ నున్నగా ఉంటుంది. ఆ రోజు మాత్రం ఎవరో మేకుతో గీకినట్టు అడ్డదిడ్డంగా గీకాను. ఓనరు వచ్చేస్తాడన్న తొందరలో అలా వచ్చిందా? లేక అప్పటికే ఇంకొకరి మీదకు తోసెయ్యాలని నాలో ఉందా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆపాను. నా వేళ్లు గీకితే అతని వేళ్లు కూడా పోతాయి. అది అలాగే వదిలేశాను.

సాయంత్రం మాదేశు వచ్చి నెగటివ్ చూశాడు. వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఈడికి ఎవరు వచ్చినారు?"

"మీ అన్న వచ్చినాడు."

"డబ్బా చూసినాడా?"

"చూసినాడు."

ఇంతే. రెండూ నిజాలే. ఎందుకు వచ్చాడని అతను అడగలేదు, నేను చెప్పలేదు. కెంపన్న కోసం కడిగి ఆరబెట్టిన ఫోటో అక్కడే తీగకు వేలాడుతోంది. మాదేశు నెగటివ్ చూస్తుండగానే దాన్ని తీసి సొరుగులో దాచాను. అది కనిపిస్తే అన్న ఎందుకు వచ్చాడో తెలిసిపోతుంది కదా. మాదేశు డబ్బా చంకన పెట్టుకుని బెంగుళూరు వెళ్లిపోయాడు. మళ్లీ అన్న గడప తొక్కలేదు. కెంపన్న ఫోటో కోసం రాలేదు, నేనూ పంపలేదు. నాకు పెళ్లయింది.

అయిదారేళ్ల తర్వాత కెంపన్న మళ్లీ వచ్చాడు. మనిషి బాగా తగ్గిపోయాడు.

"తమ్ముడు ఏమన్నా ఉత్తరం రాసినాడాప్పా నీకు?"

"లేదన్నా."

"నా మింద యాల కోపమో తెలీదు. ఆ పొద్దు చీర కట్టుకొస్తే పలకరించకుండా పోయినాను, దానికేనా? నాకు ఏం మాట్లాడాల్నో తెలీలేదప్పా. కోపం కాదు అది. వాడు యాడన్నా కనపడితే చెప్పు."

"చెప్తానన్నా" అన్నాను.

ఆయన ఫోటో నాకు అయిదడుగుల దూరంలో సొరుగులోనే ఉంది. అడుగుతాడేమోనని ఆ సొరుగుకు అడ్డంగా జరిగి నిలబడ్డాను. అడగలేదు. ఆ పైఏడాది జ్వరంతో పోయాడని, తమ్ముడు మట్టికి కూడా రాలేదని తళి నుంచి పూలు తెచ్చే మనిషి చెప్పాడు. ఆ రోజు స్టూడియోలో ఏ పనీ ముట్టుకోలేకపోయాను.

పోయిన నెల బెంగుళూరులో మాదేశు ప్రదర్శన చూడ్డానికి వెళ్లాను. ఇప్పుడు అతనికి పేరొచ్చింది. ఆ ఫోటో గోడంత పెద్దది చేసి పెట్టారు. గళ్ల తెర, చీరలో మాదేశు, పక్కన మనిషంత నల్లటి గీతల కుప్ప, అందులోంచి బయటికి వచ్చిన ఒక చెయ్యి. కింద చీటీ మీద అతని మాటలు: ఇందులో నా పక్కన నిలబడినవాడి మొహాన్ని, పేరును గీకేసింది నా సొంత అన్న. చూసేవాళ్లలో ఒకావిడ "అయ్యో పాపం, ఎలాంటి అన్నో" అంది. ఫోటోలో ఆ చేతి గోళ్లకు ఫోటోలు కడిగే మందు మరకలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నా గోళ్లకు ఇప్పటికీ ఉన్నాయి. చెయ్యి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాను. మాదేశు లోపలే ఉన్నాడు, ఎవరితోనో మాట్లాడుతూ.

అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంట్లో ఆవిడ ఏమైందని అడుగుతుంది. ఏం చెప్పను? నన్ను తిట్టేవాళ్లు లేరు. చచ్చినవాణ్ణి తిడుతున్నారు, ప్రదర్శన ఎక్కడ పెడితే అక్కడల్లా తిడతారు. తమ్ముడికి చదువు చెప్పించి, పలక మీద తన పేరు చూసుకుని మురిసిపోయిన మనిషిని.

గీకింది కెంపన్న కాదు. నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి పన్నెండేళ్లు పట్టింది. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, ఆ మాట దాచను. దీనికి క్షమాపణ ఉందని నేను అనుకోవడం లేదు, మిమ్మల్ని అడగడమూ లేదు. కెంపన్న ఫోటో సొరుగులోంచి తీసి ఈ కాగితాల పక్కన పెట్టుకున్నాను. రెండూ ఒకే కవరులో మాదేశుకు పంపాలని ఉంది. చిరునామా ఆ ప్రదర్శనలో ఇచ్చిన కాగితం వెనక ఉంది. ఒక్కటే మిగిలింది, కింద నా పేరు రాయడం. ఆ రోజు పలక మీద ఒక్క నిమిషంలో రాసేశాను. పొద్దున్నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను, ఇంకా రాయలేదు.