తప్పు చుట్టూ గడి

అంత తెలివైన మనిషి ఆ గణితశాఖలో, ఆ మనుషుల మధ్య, పందొమ్మిదేళ్ళు ఎందుకు పడివుందన్న ప్రశ్నకి ఈనాటికీ జవాబు దొరకలేదు. జీతం కోసం అందామంటే, గంటల లెక్కన విదిలించేదాన్ని జీతం అనడానికి నోరు రాదు. గౌరవం కోసం అందామా, అక్కడి ఆచార్యులు ఆవిడని పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. "సందేహాల టీచరు" అనేవాళ్ళు, పెదవి చివర్నించి.

మెట్లకింద, స్టోరు గది పక్కన ఆవిడ గది. నాలుగు బల్లలు, గోడ పొడవునా బ్లాకుబోర్డు. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఏ విద్యార్థి అయినా అర్థంకాని లెక్క పట్టుకుని రావచ్చు. ఆ గదిలో ఒకటే నియమం. తప్పు పడితే చెరపకూడదు. దాని చుట్టూ గడి గీసి వదిలెయ్యాలి. ఎందుకు తప్పిందో వేసినవాళ్ళే కనుక్కోవాలి, తెలిసినా ఇంకొకళ్ళు నోరు విప్పకూడదు. అందరూ 'పొడుగుజడ' అని పిలిచే అమ్మాయి గడి ఒకటి నెలరోజులు బోర్డుమీదే ఉంది. కిటుకు దొరికిన రోజున ఆ పిల్ల బల్లెక్కి గెంతింది.

మేడమీద జరిగే 'కార్యక్రమాలు' వేరే రకం. గణిత క్లబ్బుకి అధ్యక్షుడున్నాడు, ఇద్దరు ఉపాధ్యక్షులున్నారు, కార్యదర్శి ఉన్నాడు. సభ్యులే లేరు. క్విజ్ పోటీ జరిగిందంటే బ్యానరు కట్టి ఫొటో తీశారని అర్థం. వేసవి పరిశోధనకి పిల్లల్ని పిలిచే ప్రకటన శాఖాధిపతి సంతకం కోసం ఆయన బల్లమీద మగ్గి మగ్గి, గడువు దాటిన మర్నాడు నోటీసుబోర్డు ఎక్కేది. అవకాశాలు లేవని ఎవరూ అనడానికి వీల్లేదు. అన్నీ అద్దం వెనక భద్రంగా ఉండేవి, తాళం వేసి.

ఆ ఏడు తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. పాఠం చెప్పడం కంటే రిబ్బను కత్తిరించడం బాగా వచ్చిన శాఖాధిపతికి ఒక్కసారిగా మెట్లకింద గది గుర్తొచ్చింది. దాన్ని 'విద్యార్థి అవకాశాల కేంద్రం' చేస్తానన్నాడు.

"మీరేం కంగారు పడకండి మేడమ్. గది మీదే. కాస్త కళ తెస్తున్నాం, అంతే. సోఫాలు వేయిస్తాను."

"సోఫాలో కూచుని లెక్కలు చెయ్యలేరు సార్."

"అబ్బబ్బా, ఎప్పుడూ లెక్కలేనా మేడమ్!" అన్నాడు గణితశాఖాధిపతి.

ఆవిడ ఒక్కటే అడిగింది. "ఆ బోర్డు ఉంచండి. అదుంటే నేనుంటాను. మిగతాది మీ ఇష్టం."

"బోర్డు జోలికి వస్తే ఒట్టు."

ఇంటికెళ్ళి అక్కతో చెప్పింది. అక్క బట్టలు కుడుతుంది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది.

"నమ్మావా?"

"ఒట్టు పెట్టాడే."

"నీకు లెక్కలొచ్చు గానీ మనుషులు రారే."

"బోర్డు తీస్తే ఇంక ఆ గడప తొక్కను, చూడు."

"పందొమ్మిదేళ్ళుగా వింటున్నా. ఆ కత్తెర ఇలా ఇవ్వు."

రంగులేస్తున్నారని వారం రోజులు గదికి తాళం వేశారు. ప్రారంభోత్సవం నాడు ఆవిడ లోపలికి అడుగు పెట్టేసరికి సోఫాలున్నాయి, పూలకుండీలున్నాయి, బోర్డు లేదు. గోడంతా నల్లరంగు. దానిమీద తెల్లరంగుతో పెద్ద సంఖ్యల త్రిభుజం.

"బోర్డేదీ?" అని అటెండరుని అడిగింది.

"విరగ్గొట్టి తీశారమ్మా. పాతది కదా, ఓ పట్టాన ఊడిరాలేదు."

దానిమీద ముగ్గురు పిల్లల గడులు ఇంకా తేలకుండా ఉన్నాయి.

శాఖాధిపతి చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "ఎలా ఉంది మేడమ్? అచ్చం మీ బోర్డే! పైగా చెరిగిపోదు."

ఆవిడ గోడకేసి చూసింది. ఆ త్రిభుజంలో పై వరుసలో పక్కపక్కనున్న రెండు అంకెలు కలిపితే కింది అంకె రావాలి. బడిపిల్లలు వేస్తారు. ఒకచోట పది, పక్కన ఇంకో పది. వాటి కింద ఇరవై ఒకటి.

పాపం, పెయింటరు పొరపాటు అనుకుంది ముందు. తర్వాత కళ్ళు కిందికి దిగాయి. పదిహేనూ ఇరవై ఒకటీ ముప్పై ఆరు. ముప్పై ఆరూ ముప్పై ఆరూ డెబ్బై రెండు. ఆ తప్పుని ఎవరో కూచుని, శ్రద్ధగా, పన్నెండో వరుస దాకా కూడుకుంటూ పోయారు. పెయింటరుకి అంత ఓపిక ఎక్కడిది?

"లెక్కంతా నేనే వేసిచ్చాను," అంటున్నాడు శాఖాధిపతి తనిఖీ పెద్దమనిషితో. "కాలిక్యులేటరు ముట్టలేదు సార్, మొత్తం నోటిలెక్క!"

ఎనిమిది మంది ఆచార్యులు తలలూపారు. ఎనిమిది డాక్టరేట్లు. పదీ పదీ కూడి చూద్దామన్న ఆలోచన ఒక్క బుర్రలోనూ పుట్టలేదు. వాళ్ళు చూస్తున్నది పెద్దమనిషి మొహం, గోడ కాదు. పందొమ్మిదేళ్ళూ ఈ తలలకా నేను నమస్కారం పెట్టింది అనుకుంది ఆవిడ. చెప్పాలంటే ఒక్క ముక్క చాలు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ గదికి ఒక నియమం ఉంది.

"అందరూ గోడ ముందుకి రండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. అందరూ గోడకి వీపులు తిప్పి, కోట్లు సర్దుకుని, పళ్ళు బయటపెట్టారు. ఆవిడకి వెనక వరుసలో చోటిచ్చారు. ఆవిడ సంచిలోంచి సుద్దముక్క తీసింది. వెనక్కి తిరిగి, ఆ ఇరవై ఒకటి చుట్టూ నింపాదిగా, నాలుగు మూలలూ కలిసేలా గడి గీసింది.

గుమ్మం దగ్గర పూలగుత్తుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పొడుగుజడ చూసింది. పై రెండు అంకెలూ పెదాలతో కూడుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. నవ్వు ఆపుకోలేక పళ్ళెం వెనక మొహం దాచుకుంది గానీ, ఒక్క మాట పైకి అనలేదు. నియమం దానికీ తెలుసు.

"సార్, ఇంకొంచెం నవ్వండి. వెనక చివర మేడమ్, కాస్త లోపలికి జరగండి!"

సుద్దముక్క కొత్త సోఫా చేతిమీద ఉంది. స్టోరు గది వైపు తలుపు తెరిచి ఉంది. వెనక వరుస చివర ఎవరూ లేరు.