అరచేత్తో తడిమిన నేల

నేను అక్షరాలు నేర్చింది ఈ మధ్యనే కాబట్టి ఆ పిల్ల గురించి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఎర్రగుంట్లలో నేను ఊడ్చే నాపరాళ్ల పాలిష్ షెడ్డులోనే మా మేస్త్రీ కూతురు చక్రాల బూట్లతో స్కేటింగ్ సాధన చేసేది. బూట్లు కట్టుకోగానే అరచేత్తో నేల తడిమేది. ఒకసారి పోటీలో చక్రం కింద రాతి రవ్వ పడి, ఆఖరి గిరికీలో జారిపడి, పతకం పోగొట్టుకుంది. అప్పట్నుంచే ఈ తడమడం.

మరుసటేడు కర్నూలు పోటీకి నేనూ తోడు పోయాను. అద్దంలాంటి అక్కడి నేలనూ వంగి తడిమింది.

"ఏమ్మే, చీపురు కావాల్నా?" అని ఇంకో పిల్ల నవ్వింది.

"ఉంటే ఇయ్యి" అంటూ మా పిల్ల ఒక రవ్వ ఏరి, "పట్టుకో పెద్దమ్మా" అని నా చేతిలో పెట్టింది.

ఆఖరి గిరికీలో బొంగరంలా తిరిగి నిలబడింది. బంగారు పతకం మా పిల్లదే!

మర్నాడు పొద్దున షెడ్డు ఊడ్చి, చీపురు పక్కనబెట్టి, నేనూ అరచేత్తో నేలంతా తడిమాను.