చెమర్చని చోటు

నాకు ఓపిక తక్కువ. మంట పరీక్షకు ముందు వారమైతే అన్నం ముందు కూర్చున్నదాన్ని కూడా మధ్యలో లేచి ఒకసారి కొలిమి చూసి వచ్చేదాన్ని. కడపలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూనే, రాకెట్ ఇంజన్‌లో ఇంధనం మండే గది గోడను చల్లబరిచే పనిలో మూడేళ్లుగా కొట్టుకుంటున్నాను. పింగాణీ నారతో నేసిన గుడ్డను పొరలుగా చుట్టి, కొలిమిలో కాల్చి ఆ గోడ చేస్తాం. దాన్నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి. బయటి నుంచి చల్లటి వాయువును తోస్తే వాటిగుండా ఊరి, మంటకూ గోడకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. కొత్త కుండ చెమర్చి నీళ్లను చల్లగా ఉంచుతుంది కదా, ఇంచుమించు అదే పద్ధతి. రంధ్రాలు మూసుకుపోయిన చోట గోడ చెమర్చదు, కాలిపోతుంది.

కర్నూలులో మంట పరీక్షకు మాకు ఒక్కసారే అవకాశం ఇచ్చారు. గోడ నిలబడకపోతే పని అక్కడితో ఆపేయమని కాలేజీలో ముందే చెప్పారు.

ఆ నార మరమగ్గం మీద పుటుక్కున తెగిపోయేది. అందుకే ప్రొద్దుటూరులో చీరలు నేసే మా మేనమామ చేతికిచ్చాను.

"దారానికీ దారానికీ సందు ఉండాల మామా. పేకను మెల్లగా కొట్టు" అని నాలుగుసార్లు చెప్పాను. అడ్డదారాన్ని గట్టిగా కొడితే సందులు పూడిపోతాయి.

"ఇట్ల నేస్తే దోమతెర అంటారు పాపా" అని నవ్వాడు. సరే అని కూడా అన్నాడు.

గుడ్డ చేతికొచ్చిన రోజు చుట్ట మొత్తం విప్పి, వెలుతురుకు పెట్టి చూడాల్సింది. నేను రెండు కొసలూ చూసి, సందులు సమంగానే ఉన్నాయని కొలిమి దగ్గరికి పరిగెత్తాను.

పరీక్ష రోజు మామ ఉతికిన పంచె కట్టుకుని నాతో బయల్దేరాడు. తన గుడ్డ మంటకు ఎట్లా తట్టుకుంటుందో చూడాలట. మందపాటి అద్దం వెనక నిలబడ్డాం. మంట మొదలైంది. కాసేపు గోడ రంగే మారలేదు. తర్వాత ఒక పక్కన రూపాయి బిళ్లంత మేర ఎర్రబడింది. మంట ఆపేలోగా అక్కడ చిల్లి పడింది.

చల్లారాక, చిల్లి చుట్టూ విరిగిన గోడ ముక్కలను బల్ల మీద పెట్టి అక్కడి ఇంజనీరు అడిగాడు. "ఏమై ఉంటుంది మేడం?"

గుడ్డ మీదే నా అనుమానం. అయినా చూసుకోలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "కొలిమి వేడి సమంగా తగిలి ఉండదు సార్" అనేశాను.

మామ ఒక ముక్కను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, విరిగిన అంచును గోటితో తడిమాడు.

"కొలిమిది తప్పు కాదు సార్. ఈడ నేను గట్టిగా కొట్నా" అన్నాడు. "నడుమకొచ్చేసరికి చెయ్యి ఆగలా. మా చెల్లెలి కూతురు పెద్ద సార్లకు చూపించే గుడ్డ, పలచగా పంపితే ఎట్లా అనిపించె. జానెడు నేసినాక పాప మాట గుర్తుకొచ్చి మళ్లా వదులు చేసినా."

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. ఇంజనీరు కాగితం నా వైపు తోసి, "కారణం రాయండి. కారణం తెలిసింది కాబట్టి ఇంకోసారి అడిగి చూడొచ్చు" అన్నాడు. గుడ్డను పూర్తిగా విప్పి చూడలేదనీ, ఆ బాధ్యత నాదేననీ రాసి సంతకం పెట్టాను.

తిరుగు బస్సు నంద్యాల దాటింది. మామ మీద కోపంగానే ఉంది, నా మీద అంతకు రెండింతలు.

"మళ్లా నేసేదుంటే నాకే ఇస్తావా పాపా?" అని మామే అడిగాడు.

"నీకే ఇస్తా మామా. ఈసారి మగ్గం పక్కనే కూర్చుంటా."

మామ కిటికీ వైపు తిరిగాడు.

"కూర్చోవద్దు పాపా. నువ్వు చూస్తాంటే ఇంకా గట్టిగా కొడ్తా."