పిండి అంటని నాన్న

మా బావ రొట్టెలు కాల్చే మనిషి. పెళ్ళికి ముందునుంచీ ఒకే బేకరీలో, ఒకే పొయ్యి ముందు నిలబడుతున్నాడు. కనుబొమల మీద పిండి లేకపోతే ఆయన్ని నేనే గుర్తుపట్టలేను. అదే బేకరీ కౌంటర్లో బిస్కెట్లు తూచేది నేనే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. అలాంటి మనిషి కూతురికి గోధుమ పడదన్నారు. పాలు కూడా పడవన్నారు.

అన్నది డాక్టరు కాదు, పక్కింటావిడ. పిల్లని మేం బుడంకాయ అంటాం. దానికి అప్పట్లో రోజూ కడుపునొప్పి. పరీక్షలన్నీ చేయిస్తే ఏమీ లేదన్నారు. కళ్ళముందు పిల్ల మెలికలు తిరుగుతుంటే ఏమీ లేదంటే మా అక్క ఎలా నమ్ముతుంది? పక్కింటావిడ గోడమీంచి ఒకసారి చూసి గోధుమా, పాలూ అని తేల్చేసింది. రెండూ మాన్పించారు. అప్పుడే స్కూలు కూడా మార్చారు. పాత స్కూల్లో బాత్రూముకి గడియ లేక పిల్ల సాయంత్రం దాకా ఆపుకునేది. నొప్పి తగ్గింది. మెప్పంతా పక్కింటావిడకి దక్కింది. గడియ ఊసు ఎవరూ ఎత్తలేదు.

అప్పటినుంచి బావ పెరటి తలుపున ఇంట్లోకి రావాలి. బట్టలు బకెట్లో పడెయ్యాలి, తలస్నానం చెయ్యాలి, ఆ తర్వాతే పిల్లని ముట్టుకోవాలి. అది మా అక్క పెట్టిన చట్టం. బుడంకాయ బాత్రూము తలుపు దగ్గర నిలబడి "అయిందా నాన్నా?" అని అడుగుతూ ఉండేది. స్కూల్లో నాన్న బొమ్మ గీయమంటే పక్కన మగ్గు కూడా గీసింది. బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు నాతో, "మగ్గు బాగా కుదిరింది" అన్నాడు.

రెండేళ్ళు గడిచాయి. పిల్ల బరువు మాత్రం పెరగడం లేదు. డాక్టరమ్మకి చూపిస్తే, ఆవిడ ఇవన్నీ ఎవరు మాన్పించారని అడిగి, పక్కింటావిడ సంగతి విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ముందు గోధుమ మొదలుపెట్టండి. పాల సంగతి తర్వాత చూద్దాం" అంది.

మా అక్క ససేమిరా అంది. "మళ్ళీ అది ఏడుస్తుంటే మీరొచ్చి ఎత్తుకుంటారా? మా ఆయన దానికోసం విడిగా బన్నులు చేస్తారు. వాటివల్లే అది ఇలా తిరుగుతోంది."

"ఎలా చేస్తారు?"

అక్కకి తెలియదు. పిండి ఒంటికి అంటుకుంటుందని ఈ రెండేళ్ళూ ఆవిడ బేకరీ గడప తొక్కలేదు. చూసొచ్చి చెబుతానని పౌరుషంగా లేచింది.

ఆవిడ వచ్చిందని బావ పొంగిపోయాడు. బల్ల కడిగాడు, చేతులు మోచేతుల దాకా కడిగాడు. పిల్లకోసమే దాచిన గిన్నె దించి, గోధుమ లేని పిండి కలిపాడు. అక్క ఒక్కోటి చూస్తూ తల ఊపింది. పరీక్ష పాసవుతున్న పిల్లాడిలా బావ నావైపు చూశాడు. ముద్దని బల్లమీద వేసే ముందు ఆయన ఎడమచెయ్యి పక్కనున్న డబ్బాలోకి వెళ్ళి, చారెడు తీసి, బల్లమీద చల్లేసింది.

"అదేంటండీ?" అంది అక్క.

"ఏది?"

"ఇప్పుడు చల్లింది."

బావ తన చేతిని చూసుకున్నాడు. "పిండి."

"ఏం పిండి?"

బావ డబ్బాని తనవైపు తిప్పుకున్నాడు. డబ్బామీద గోధుమపిండి అని రాసింది నేనే, అంత పెద్దక్షరాలు ఎందుకు రాశానా అనిపించింది. కంచే చేను మేసింది, అదీ రోజూ, శ్రద్ధగా. ముద్ద కింద పిండి చల్లడం ఆయనకి నేర్పిన పని కాదు, చేతికి పట్టిన పని.

ఆయన పిండి మూటమీద కూలబడ్డాడు. "నా చేతులతో నేనే పెట్టానా దానికి?" అన్నాడు. ఆ ముఖం చూడలేక నేను తక్కెడ తుడిచాను.

"ఏం కాలేదుగా దానికి" అంది అక్క, ఓదార్పుగా. అన్నాక తన మాట తనకే వినిపించినట్టుంది.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "అంత చిన్న మోతాదు రుజువు కాదు. కానీ మీకు ధైర్యం రావడానికి చాలు. నెమ్మదిగా పెంచండి, నొప్పి అంటే నా దగ్గరికి రండి" అంది.

ఆ సాయంత్రం అక్క పెరటి తలుపుకి లోపల గడియ పెట్టింది. బావ తలుపు తట్టి తట్టి, చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోకి వచ్చాడు. నెత్తినిండా పిండి. బుడంకాయ ఎదురుపడగానే దొంగలు చుట్టుముట్టినట్టు రెండు చేతులూ పైకెత్తేశాడు. పిల్ల తల్లివైపు చూసింది.

"పట్టుకోవే" అంది అక్క.

అది వెళ్ళి నడుము వాటేసుకుని, చొక్కాకి ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. "నాన్నా, నువ్వు బన్ను వాసన!" అంది.

బావ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"దించండి" అంది అక్క. "మీకు వేరే చెప్పాలా?"